ఆరోగ్యవంతుల రక్తం

మూడోసారి కూడా పరీక్ష తప్పింది.

జాహ్నవి కంప్యూటరు ముందు కూర్చుని తెర మీది చుక్కల్ని కొరకొరా చూసింది. ఒక్కో చుక్కా ఒక్కో ఆరోగ్యవంతుడి రక్తం. బుద్ధిగా ఒక గీతకు అటూ ఇటూ సర్దుకుని ఉండాల్సినవి, కంచె తెగిన మందలాగా తెరంతా చెదిరిపోయి ఉన్నాయి. కీబోర్డు ఎత్తి నేలకేసి కొడదామా అనిపించింది. అది కంపెనీ సొత్తు కాబట్టి ఊరుకుంది.

"మళ్ళీనా?" అన్నాడు రాజారత్నం వెనకనుంచి. రేణిగుంట దారిలో ఉన్న ఆ ల్యాబ్‌కు ఆయనే పెద్ద. ఎప్పుడొచ్చినా వెనకనుంచే వస్తాడు.

"కణాలు పాతబడినాయేమో, మార్చు."

"పోయిన నెలే మార్చినాను సార్."

"ఇంక్యుబేటర్?"

"బాగుంది సార్. కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకుంటా ఉందా లేదా అని నేనే పక్కన నిలబడి చూసినాను."

"అయితే నీ చెయ్యే తిరగలేదన్నమాట" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. జాహ్నవికి అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి తిరగడానికి ఇదేమన్నా పూతరేకులు చెయ్యడమా?

ఆమె చేసే పని ఏమిటో ఇంట్లో వాళ్ళకు ఈనాటికీ తెలియదు. "రక్త పరీక్షలు చేస్తాది" అని చుట్టాలకు చెప్పుకుంటారు. నిజానికి ఆమె చేసేది రక్తాన్ని పరీక్షించడం కాదు, పరీక్షనే పరీక్షించడం. కిడ్నీలు చెడిపోయినవాళ్ళకు రక్తం పట్టడానికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. మన కిడ్నీలు మామూలుగా తయారు చేసే ప్రొటీన్‌నే బయట తయారుచేసి సూది మందుగా ఎక్కిస్తారు. వేలమందికి అది అమృతం. ఎక్కడో ఒకరికి మాత్రం ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. వచ్చిన మందును దొంగ అనుకుని, దాన్ని పట్టి కట్టేసే యాంటీబాడీలను పుట్టిస్తుంది. ఆ తర్వాత సూది వేసేకొద్దీ యాంటీబాడీలు పెరుగుతాయి, రక్తం తగ్గుతుంది. ఒంట్లో మిగిలిన కాస్త సొంత ప్రొటీన్‌ను కూడా అవి వదలవు.

దాన్ని కనిపెట్టడానికి జాహ్నవి దగ్గర విదేశం నుంచి తెప్పించిన బతికున్న కణాలున్నాయి. వాటికి ఆ మందే అన్నం. పోస్తే పెరుగుతాయి, మానేస్తే చస్తాయి. మందుతో పాటు రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీళ్ళు, కలిపి చూస్తే చాలు. సీరంలో యాంటీబాడీలుంటే అవి మందును కట్టేస్తాయి, కణాలు ఆకలితో చస్తాయి. అయితే ఎంత చస్తే జబ్బు, ఎంత చస్తే మామూలు? ఆ గీత గీయాలంటే ముందు ఏ జబ్బూ లేని ఓ యాభైమంది సీరం పోసి, కణాలు ఎలా నడుచుకుంటాయో చూడాలి. ఆ గీతే పడటంలేదు. ఏ జబ్బూ లేనివాళ్ళ సీరంలో కొన్ని కణాలు మామూలుగా ఉంటున్నాయి, కొన్ని వానాకాలం గడ్డిలాగా విరగబడి పెరుగుతున్నాయి.

ఇదంతా కాగితం మీది గొడవే అయితే జాహ్నవి అంతగా పట్టించుకునేది కాదు. కానీ ఫ్రీజర్లో ఏకాంబరం సీరం ఉంది.

ఏకాంబరం తిరుచానూరులో పూలు కడతాడు. జాహ్నవి అద్దెకుండేది ఆ వీధిలోనే. మూడేళ్ళుగా ఆమె జడలోకి పూలు ఆయన కొట్టునుంచే వస్తున్నాయి. రెండేళ్ళుగా డయాలిసిస్ మీద ఉన్నాడు. ఇంజెక్షన్ పడినన్నాళ్ళు బాగానే తిరిగాడు. ఈ ఏడాది, రెండువేల ఏడు ఉగాది దాటాక, ఉన్నట్టుండి రక్తం పడిపోవడం మొదలైంది. ఎక్కించిన రక్తం పది పదిహేను రోజులు కూడా నిలవడం లేదు. డాక్టర్ చక్రధర్‌కు అనుమానం వచ్చి సీరం పంపించాడు. పంపించి ఊరుకోలేదు, వారం వారం ఫోను.

"ఏమ్మా జాహ్నవీ, ఇంజెక్షన్ ఆపాలా వద్దా? ఉత్త అనుమానానికి ఆపేస్తే ఉన్న ఆధారం పోతుంది. ఆపకపోతే, అనుమానమే నిజమైతే, నా చేతులారా నేనే చంపినట్టు. ఏదో ఒకటి చెప్పు."

ఆమెకు ఏదో ఒకటి తెలుసు. ఏకాంబరం సీరంలో కణాలు చచ్చాయి. కళ్ళారా చూసింది. కానీ ఆ చావు "మామూలు" లోపలే ఉందా బయట ఉందా అంటే, చెదిరిన చుక్కలు ఏమీ చెప్పనివ్వడం లేదు. పరీక్ష నమ్మదగిందని రుజువయ్యేదాకా రాజారత్నం ఒకటే మాట: "వ్యాలిడేషన్ కాని ఫలితం మన గేటు దాటకూడదు." ఆయన మాట తప్పు కాదు. తప్పు కాకపోవడమే ఆమెకు మరీ ఒళ్ళుమంట.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఏకాంబరం పిలిచాడు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. దండ కడుతున్నది ఆయన భార్య పంకజాక్షి. ఆయన పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"పాపా, నా రక్తం మీ కంపెనీలోనే ఉండాదంట గదా. డాక్టర్ సెప్పినాడు. ఏమన్నా తెలిసిందా?"

"ఇంకా కాలేదు మామా."

"అంత కష్టమా అది?"

"పరీక్ష సరిగ్గా కుదరలేదు మామా. కుదరంగానే చెప్తాను."

"నిదానంగానే సెయ్యి పాపా, తొందరేముండాది" అన్నాడు. రెండు మాటలకే ఆయాసం వచ్చింది. పంకజాక్షి మూర కనకాంబరాలు ఆకులో చుట్టి చేతిలో పెట్టింది. జాహ్నవికి తన మీద తనకే అసహ్యం వేసింది. తొందరేముందని ఆయన అనడం కంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ యాభైమంది ఆరోగ్యవంతులు ఎక్కడినుంచి వచ్చారన్నది. మొదట ఆమె ల్యాబ్‌లో మగవాళ్ళనే అడిగింది. ఒకడికి శనివారం వ్రతం, ఒకడికి కొండకు మొక్కు. మూడోవాడు సూది చూస్తే కళ్ళు తిరుగుతాయని నిజం చెప్పాడు. చుట్టుపక్కల పల్లెల్లో అడిగితే ఇంకా బాగుంది. మగవాడు రక్తమిస్తే సత్తువ పోతుందట, పొలం పని చెయ్యలేడట. "కావాలంటే మా ఇంటిదాన్ని తీసుకోమ్మా" అని భార్యల్ని ముందుకు తోసి, వాళ్ళు అరుగుల మీద కూర్చున్నారు.

చివరికి జాహ్నవి నాయన మునిరత్నం ఆదుకున్నాడు. ఆయన చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్వైజరు. అక్కడ తోతాపురి సీజన్ వచ్చిందంటే వందమందికి పైగా ఆడవాళ్ళు పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా నిలబడి కాయలు కోస్తారు. "పన్జేసే మనుషులు పాపా. ఆస్పత్రి మొహం సూసినోళ్ళు గాదు. వాళ్ళకంటే ఆరోగ్యవంతులు యాడ దొరుకుతారు నీకు?" అన్నాడు. ఆమెకూ నిజమే అనిపించింది. వాళ్ళను అడిగితే వాళ్ళూ అదే చెప్పారు. జబ్బులేమన్నా ఉన్నాయా? లేవు. మందులేమన్నా వాడుతున్నారా? లేదు. ఇంకేం కావాలి! సంతకాలు, వేలిముద్రలు, చేతికి రెండు అరటిపళ్ళు. పని ఇట్టే అయిపోయింది.

మూడోసారి తప్పాక, కొత్త రక్తంతో మొదలు పెడదామని జాహ్నవి మళ్ళీ ఆ ఫ్యాక్టరీకే వెళ్ళింది. మధ్యాహ్నం అన్నాల వేళ. షెడ్డు బయట తొక్కల కుప్పల మీద ఈగలు ముసురుతున్నాయి. ఆడవాళ్ళు నీడన కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. అన్నాలు అయిపోయాయి గానీ నోళ్ళు ఆడుతూనే ఉన్నాయి. వక్కాకు అనుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే పచ్చి బియ్యం. ఒకామె కొంగుముడి విప్పి గుప్పెడు తీసి పక్కామెకు పెట్టింది. ఆమె నోట్లో పోసుకుని కరకరలాడించింది.

"ఏంది అక్కా, పచ్చి బియ్యం తింటారా?"

"ఊరికేనే. నోరు లాగతాదిమ్మా" అంది ఒకామె.

"బియ్యం తింటే పెండ్లిలో వానొస్తాదని మాయమ్మ కొట్టేది. పెండ్లీ అయిపోయ, వానా వచ్చె. ఇంకేం భయం?" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

"ఆ మూల కూసున్నదానికి బియ్యం సాలవు. పొయ్యి మన్ను గీక్కోని తింటాది."

జాహ్నవి కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఒంట్లో ఇనుము లేనివాళ్ళకు బియ్యం, మన్ను, బూడిద తినాలనిపిస్తుంది. అది ఆమె కాలేజీలో చదువుకుంది, పరీక్షలో రాసింది, మార్కులు తెచ్చుకుంది. ఆ తర్వాత ఏమాత్రం గుర్తు పెట్టుకోలేదు. నవ్వుతున్న ఆడవాళ్ళలో ఒకామె కనురెప్ప కింద వేలు పెట్టి లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది. ఇంకొకామెను చూసింది. అంతే.

మరుసటి రోజు హిమోగ్లోబిన్ చూసే చిన్న మిషన్ పట్టుకుని వచ్చింది. మిషన్ సరిగ్గా ఉందో లేదో చూద్దామని ముందు తన వేలే గుచ్చుకుంది. పన్నెండు ఉండాల్సిన చోట తొమ్మిదిన్నర. మిషన్ చెడిపోయిందనుకుని మరో వేలు గుచ్చుకుంది. మిషన్‌కేం, అది బ్రహ్మాండంగా ఉంది.

తర్వాత ఆడవాళ్ళ వేళ్ళు. ఎనిమిది. ఏడున్నర. తొమ్మిది. ఆరు. ఆరుతో ఆమె పొద్దున్నుంచీ నిలబడి మామిడికాయలు కోస్తోంది!

ల్యాబ్‌కు వచ్చి పాత ఫలితాల పక్కన పెట్టి చూసుకుంటే అంతా అద్దంలో చూసినట్టు కనిపించింది. ఎవరి సీరంలో కణాలు విరగబడి పెరిగాయో వాళ్ళ రక్తమే అందరికంటే తక్కువ. రక్తం చాలనప్పుడు కిడ్నీలు ఊరుకోవు, రక్తం తయారు చెయ్యమని ఆ ప్రొటీన్‌ను కుమ్మరిస్తూనే ఉంటాయి. రోగికి మనం సూదితో ఇచ్చే ప్రొటీన్ అదే, కణాలకు అన్నం పెట్టే ప్రొటీన్ అదే. ఇన్నాళ్ళూ కణాల తప్పేం లేదు, ఇంక్యుబేటర్ తప్పేం లేదు, ఆమె చెయ్యీ బాగానే ఉంది. ఆ ఆడవాళ్ళ ఒళ్ళు రక్తం రక్తమని లోపల్లోపల కేకలు పెడుతోంది. ఆ కేక మొగుళ్ళకు వినపడలేదు, సూపర్వైజరుకు వినపడలేదు, చదువుకున్న జాహ్నవికీ వినపడలేదు. ఐసు పెట్టెలో విమానమెక్కి వచ్చిన కణాలకు వినపడింది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

రాజారత్నం అంతా విని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంతేనా! ఆడోళ్ళ సీరం తీసేయ్. మగోళ్ళది పెట్టు. వారంలో అయిపోతుంది."

"డయాలిసిస్‌కు ఆడోళ్ళు రారా సార్? వాళ్ళకు వేరే గీత గీస్తామా? రక్తం సరిగ్గా ఉన్న ఆడోళ్ళను వెతికి పెట్టాల."

"వెతుక్కో మరి. నీ తలనొప్పి నీది."

వెతుక్కుంది. రక్తం బాగున్న పాతికమంది ఆడవాళ్ళ కోసం తిరుపతి, చిత్తూరు, పుత్తూరు అన్నీ తిరిగింది. కాలేజీ హాస్టళ్ళు, బ్యాంకులు, స్కూళ్ళు, చివరికి తిరుచానూరు లాడ్జీల్లో దిగిన భక్తుల్ని కూడా వదల్లేదు. పదిమంది వేళ్ళు గుచ్చితే ఇద్దరో ముగ్గురో పనికొచ్చారు. తల ప్రాణం తోకకొచ్చింది.

మగవాళ్ళ రక్తమైతే ఎవరి వేలు గుచ్చినా నిక్షేపంగా ఉంది, ఇచ్చే మనసే లేదు. ఆమె మొదట తన నాయన వేలు గుచ్చి చూసి, ఆయన మీదే పడింది.

"నాకా? ఈ వయసులోనా? నాకు బీపీ ఉండాది పాపా" అన్నాడు మునిరత్నం.

"యాడుండాది? పోయిన వారమే చూపించుకుంటివి గదా, లేదన్నారు."

"ఉంటే ఉంటాది. రక్తం దీస్తే ఇంగ నేను లేస్తానా?"

"రెండు చెంచాలు నాయనా! ఆరు ఉన్నదాని చేతిలోంచి తీపించినావే, నీకు పదిహేను ఉండాది. సిగ్గులేదా?"

అంత మాట నోరు జారిందని ఆమెకే తెలిసింది. మునిరత్నం మొహం మాడ్చుకుని, కాసేపు ఆకాశం చూసి, చేయి చాపాడు. సూది దిగేటప్పుడు కళ్ళు మూసుకుని గోవింద గోవింద అన్నాడు. ఆయన ఇచ్చాడని తెలిసి ఫ్యాక్టరీ డ్రైవర్లు, వాచ్‌మన్లు, బాయిలర్ దగ్గర మనుషులు ఒక్కొక్కరే వచ్చారు. ఒకడు లేచి నిలబడి మళ్ళీ పడ్డాడు. మిగతావాళ్ళు బతికే ఉన్నారు.

ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసం ఆమె ఇనుము మాత్రలు డబ్బాల కొద్దీ తెచ్చింది. మునిరత్నం గేటు దగ్గరే అడ్డం పడ్డాడు. "గట్టిగా అరవద్దు పాపా. వీళ్ళకు జబ్బని ఓనరు సెవిన బడిందంటే రేపట్నించి పనికి రానీడు. తిండీ గుడ్డా నువ్విస్తావా?" మాత్రలు కొంగుల్లోకి చాటుగా వెళ్ళాయి. ఎంతమంది మింగారో, ఎంతమంది ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకు పెట్టారో ఎవరికీ తెలియదు.

నాలుగోసారి చుక్కలు గీత చుట్టూ వచ్చి కూర్చున్నాయి. మరో రెండుసార్లు చేసినా అలాగే కూర్చున్నాయి. రాజారత్నం సంతకం పెట్టాడు. ఏకాంబరం సీరం మళ్ళీ పోస్తే, ఆయన చుక్క గీతకు చాలా కిందికి, ఒంటరిగా పడింది. అనుమానం లేదు, మందుకు ఒళ్ళు ఎదురు తిరిగింది.

జాహ్నవి ఫోనులో చెప్పగానే డాక్టర్ చక్రధర్, "ఆపేస్తున్నాను" అన్నాడు. "యాంటీబాడీలు తగ్గేదానికి వేరే మందులిస్తాను. నెలలు పడుతుంది. అన్నాళ్ళూ బయటి రక్తంతోనే నడపాలి. మనుషుల్ని సిద్ధం చేసుకోమని వాళ్ళకు నువ్వే చెప్పు, నీ మాటయితే వింటారు."

చెప్పింది. ఎక్కించిన ప్రతి సీసాకు బదులు ఇంట్లో వాళ్ళెవరో ఒకరు రక్తం ఇవ్వాలని, పంకజాక్షి తమ్ముళ్ళు ముగ్గురూ ఉన్నప్పుడు విడమరిచి చెప్పింది. ముగ్గురూ గట్టి మనుషులు. ముగ్గురూ తలూపారు. "బావ కోసం ప్రాణమిస్తాం పాపా" అన్నాడు పెద్దవాడు గురప్ప.

రెండు రోజుల తర్వాత బ్లడ్ బ్యాంకు దగ్గరికి వెళ్ళి చూస్తే బల్ల ముందు నిలబడి ఉన్నది పంకజాక్షి. చేయి చాపి ఉంది. నర్సు వేలు గుచ్చి, మిషన్ చూసి, ఆమె మొహం చూసింది.

"ఏడు. ఈమెకే ఒక సీసా ఎక్కించాల. ఎవరు పంపినారు ఈమెను?"

"ఎవురూ పంపలేదుమ్మా" అంది పంకజాక్షి గబగబా. "నాకేం, నేను బాగానే ఉండాను. తీసుకోండి. ఆయనకు ఈ పొద్దు ఎక్కించాలంట."

గురప్ప బయట వేపచెట్టు కింద బీడీ కాలుస్తున్నాడు. జాహ్నవిని చూసి బీడీ పడేశాడు. "అక్కే ఇస్తానని పట్టు పట్టె పాపా. నాకు సూస్తే రేపు బోరు దించే పని ఉండాది..."

జాహ్నవి గురప్ప మణికట్టు పట్టుకుని, తనకు రెండింతలున్న మనిషిని, జనమంతా చూస్తుండగా లోపలికి ఈడ్చుకొచ్చి కుర్చీలో కూలేసింది. నర్సు వేలు గుచ్చింది. పదిహేనున్నర.

"పడుకో" అంది నర్సు.

గురప్ప పడుకున్నాడు. సూది దిగగానే "అక్కా" అని కేక పెట్టాడు. పంకజాక్షి పరుగున వచ్చి తల దగ్గర నిలబడింది. సీసా నిండేదాకా అలాగే నిలబడి, కొంగుతో అతనికి విసురుతూనే ఉంది. "అయిపోయినాది నాయనా, అయిపోయినాది" అంటూనే ఉంది. ఒకసారి తూలి మంచం ఇనప కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుంది.

"నువ్వు కూర్చో అత్తా" అంది జాహ్నవి.

"నాకేం పాపా. వానికి కండ్లు తిరగతా ఉండాయంట."

నర్సు బిస్కెట్ ప్యాకెట్టూ పళ్ళరసం డబ్బా తెచ్చి గురప్ప పక్కన పెట్టింది. జాహ్నవి వాటిని అక్కడినుంచి లాక్కుని పంకజాక్షి చేతిలో పెట్టింది. "నువ్వు తిను. ఇది నీకు. వానికి గాదు" అని గట్టిగానే చెప్పింది. పక్క మంచాల మీది వాళ్ళు తలెత్తి చూశారు.

పంకజాక్షి బిక్కమొహం వేసుకుని తల ఊపింది. ప్యాకెట్టు చించింది. ఒక బిస్కెట్ తీసి, తుంచి, తమ్ముడి నోట్లో పెట్టింది.